గోంగూరని ఇంగ్లీషులో ఏమని రాయాలి? ఇరవై రెండేళ్ళు మిర్చి కాగితాలు రాసినవాడి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విజయవాడలో మీ అమ్మగారు పెట్టే పచ్చళ్ళు, పొడులు అమెరికాకి, లండన్‌కి పంపాలి. సీసా మీద దినుసుల పేర్లు ఇంగ్లీషులో ఉండాలి. డిక్షనరీ ఒక పేరు చెబుతోంది, ఫోన్ ఇంకో పేరు చెబుతోంది. కొరివి కారాన్ని ఫోన్ ‘ఫైర్‌బ్రాండ్ స్పైస్’ చేసిందని కూడా రాశారు. ఏది నమ్మాలి అని మీ సందేహం.

నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న ఆఫీసులో కాగితాల పని చేశాను. చేరిన రెండో నెలలోనే నాకు తగిలిన దెబ్బ ముందు చెప్తాను, మీకు పనికొస్తుంది.

ఒక విదేశీ కొనుగోలుదారుడికి సరుకు వివరాలు రాయమన్నారు. మా గుమాస్తా ఇచ్చిన చీటీలో ‘తాలు 2 శాతం’ అని ఉంది. నేను పల్లెటూరివాణ్ణే, తాలంటే తెలియకపోవడమేం? గింజ పట్టని వడ్లు. అయినా జాగ్రత్త కోసం నిఘంటువు తిరగేశాను. అందులోనూ అదే అర్థం. ‘చాఫ్, 2 శాతం’ అని టైపు కొట్టి పంపాను. మిరపకాయల్లో ఏ పంట తాలూకు పొట్టు కలిసింది, ఎందుకు కలిసింది అని అవతలివాళ్ళు జవాబు రాశారు. మా యజమాని ఆ కాగితం నా ముందు పెట్టి, ‘మిరపకాయకి ఊక ఎక్కడిదయ్యా?’ అన్నారు.

మిర్చి యార్డులో తాలంటే ఎరుపు పోయి తెల్లబారిన కాయ. వరిచేలో మాట ఒకటి, యార్డులో మాట ఇంకోటి. ఇంగ్లీషులో దాన్ని ‘డిస్‌కలర్డ్ పాడ్స్’ అంటారు. అందులో కవిత్వమేమీ లేదు, రంగు పోయిన కాయలు, అంతే. నా తప్పు ఎక్కడంటే, నేను వెతికింది మాటని, కాయని కాదు. గోదాములోకి వెళ్ళి ఒక తాలుకాయ చేతిలోకి తీసుకుని చూసుంటే ‘చాఫ్’ అని రాసేవాణ్ణి కాదు.

ఆ రోజు యజమాని తిట్టలేదు. పాత ఉత్తరాల ఫైలు ఒకటి తెచ్చి ఇచ్చారు. మేం వాళ్ళకి రాసినవి కాదు, వాళ్ళు మాకు రాసినవి. ‘వాళ్ళు దేన్ని ఏమంటారో ఇందులో ఉంది, చదువుకో’ అన్నారు. తొడిమ తీసిన కాయని వాళ్ళు ‘స్టెమ్‌లెస్’ అంటారని, మేం ‘గన్నీ బ్యాగ్’ అనే గోనెసంచిని కొందరు ‘జూట్ బ్యాగ్’ అని, అమెరికావాళ్ళు ‘బర్లాప్’ అని అంటారని ఆ ఫైలులోనే తెలిసింది. (మా వాళ్ళు బస్తాని టిక్కీ అంటారు. అదే మాట ఉత్తరంలో రాస్తే అవతల బొంబాయివాడెవడైనా ఉంటే ఐదొందల ఆలూ టిక్కీలు అనుకునేవాడు.)

ఇప్పుడు మీ గోంగూర దగ్గరికొద్దాం. చాలామంది ‘సోరెల్’ అని రాస్తున్నారు. అసలు సోరెల్ అంటే మన చుక్కకూర చుట్టం. చుక్కకూర రూమెక్స్ వెసికేరియస్, యూరప్‌లో తినే సోరెల్ రూమెక్స్ అసెటోసా, రెండిటిదీ ఒకే ఇంటిపేరు. గోంగూర మందార కుటుంబం. మన దగ్గర గోంగూర పేరుతో అమ్మేది రెండు మొక్కల ఆకు: హైబిస్కస్ సబ్దారిఫా, హైబిస్కస్ కన్నాబినస్. మొదటిదాని ఇంగ్లీషు పేరు ‘రోసెల్’. కరీబియన్ దీవుల్లో దాని పువ్వు అడుగున ఉండే ఎర్రటి రక్షక పత్రాలతో షర్బత్ చేసుకుని దాన్నే సోరెల్ అంటారు. రెండు పుల్లటి కూరలు కలగాపులగమైంది అక్కడే. రెండోది గోగునార తీసే మొక్క. దానికి ‘కెనాఫ్’ అని, మన భీమునిపట్నం పేరు మీద ‘బిమ్లీ జూట్’ అని, ఇంకా ‘డెక్కన్ హెంప్’ అని పేర్లున్నాయి. ఆ చివరిది మాత్రం సీసా మీద ఛస్తే రాయకండి. హెంప్ అనగానే అవతల గుర్తొచ్చేది గంజాయి మొక్క. నార వల్ల వచ్చిన పేరే తప్ప దానికీ దీనికీ సంబంధం లేదు, కానీ కస్టమ్స్ అధికారికి ఆ కథ చెప్పే అవకాశం మీకు రాదు. ‘గోంగూర’ అని పెద్దక్షరాల్లో వేసి, దినుసుల వరుసలో ‘రోసెల్ లీవ్స్’ అని రాస్తే చాలు. మీరు కొనే కట్ట ఏ రకమో మాత్రం కూరలమ్మిని అడిగి, పువ్వు చూసి తేల్చుకోండి.

ఇలాంటివి నేను ఎలా తేలుస్తానో చెప్తాను. కూర, గింజ, చేప, ఏదైనా సరే ముందు దాని శాస్త్రీయ నామం పట్టుకుంటాను. తెలుగు వికీపీడియాలో మొక్క పేజీ ఉంటే అందులో ఉంటుంది, అక్కణ్ణుంచి ఇంగ్లీషు పేజీకి ఒక్క నొక్కు. ఆ పేజీ మొదటి నాలుగు వాక్యాల్లో ఏ దేశంలో ఏమంటారో రాసి ఉంటుంది. తరవాత అసలు పరీక్ష: దొరికిన ఇంగ్లీషు మాటని బొమ్మల్లో వెతకండి. తెర మీద కనిపించేది మీ వంటింట్లో ఉన్నదేనా? కాకపోతే ఆ మాట వదిలేయండి, ఏ నిఘంటువు చెప్పినా సరే. గుమ్మడి వడియాలకి ‘పంప్‌కిన్’ అని వెతికి చూడండి, నారింజ రంగు కాయలు బారులు తీరతాయి. మన వడియాలు పెట్టేది బూడిద గుమ్మడితో. మన దేశంలో దాన్ని ‘యాష్ గోర్డ్’ అంటారు. అమెరికాలో చైనావాళ్ళ కొట్లలో అదే కాయ ‘వింటర్ మెలన్’ పేరుతో ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. మనకి ఇంగ్లీషు అనిపించేదంతా అవతలివాళ్ళకి ఇంగ్లీషు కాదు. మా బావగారికి మీ విజయవాడ ఆటోనగర్‌లోనే షెడ్డు ఉంది. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి గ్యారేజీలో ‘స్టెప్నీ’ ఎక్కడుందని అడిగారట, ఒక్కడికీ అర్థం కాలేదు. స్టెప్నీ అనేది వేల్స్‌లోని లానెల్లీ ఊళ్ళో ఒక వీధి పేరు. 1904 ప్రాంతంలో స్పేర్ చక్రం అమ్మిన కంపెనీ ఆ వీధి పేరు పెట్టుకుంది. ఆ మాట అక్కడ ఎప్పుడో పోయింది, మన దగ్గర బతికి ఉంది. డిక్కీ కూడా అంతే, బ్రిటన్‌లో బూట్, అమెరికాలో ట్రంక్. పానాని ఒకరు స్పానర్ అంటే ఇంకొకరు రెంచ్ అంటారు. అందుకే బావగారు విడిభాగాలకి పేరు చెప్పరు, పార్టు నంబరు చెప్తారు.

పచ్చళ్ళలో ఇలాంటి స్టెప్నీలు బోలెడు. కందిపప్పుని మనం ‘రెడ్ గ్రామ్’ అంటాం. గ్రామ్ అనేది గింజ అనే పోర్చుగీసు మాట నుంచి వచ్చి మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడింది. అమెరికావాడికి అది బరువు కొలత. అక్కడ కంది ‘పిజన్ పీ’, శనగ ‘చిక్‌పీ’, పెసర ‘మంగ్ బీన్’. సగ్గుబియ్యం మన దగ్గర తయారయ్యేది కర్రపెండలం నుంచే కాబట్టి ‘టాపియోకా పెర్ల్స్’ అన్నది నిజానికి సాగో కన్నా సరైన పేరు. కొర్రలు, సామలు, అరికెల విషయంలో భయం లేదు, ఫాక్స్‌టైల్, లిటిల్, కోడో అని ఎక్కడైనా చెల్లుతాయి.

ఇప్పుడు చెప్పేది మాత్రం సరదా కాదు. నువ్వుల నూనె సీసాల మీద మన కంపెనీలు ‘జింజెల్లీ ఆయిల్’ అని రాస్తాయి. అమెరికాలో ఆ మాట ఎవరికీ తెలియదు. అక్కడ 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ముఖ్యమైన అలర్జీ పదార్థం. లేబుల్ మీద ‘సెసమీ’ అనే రాయాలి. వేరుశనగకి ‘గ్రౌండ్‌నట్’ అనకండి, ‘పీనట్’ అనండి. ఆ ఒక్క మాట తేడాకి ఒక పసివాడి గొంతు వాచిపోవచ్చు. బ్రిటన్‌కి పంపేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అక్కడ చెప్పి తీరవలసిన 14 అలర్జీ పదార్థాల్లో ఆవాలూ ఉన్నాయి. ఆవపిండి లేని ఆవకాయ ఉంటుందా? ‘మస్టర్డ్’ అని దినుసుల్లో స్పష్టంగా, ముద్దక్షరాల్లో వేయండి. ‘స్పైసెస్’ అని ఒక్క మాటలో దాటేస్తే కుదరదు.

మిరపకాయ సంగతి నా సొంత పొలం లాంటిది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. పెప్పర్ అంటే మనకి మిరియాలు. అమెరికాలో మాత్రం పెప్పర్ అంటే పచ్చిమిరప, క్యాప్సికం, ఎండుమిరప, అన్నీ వస్తాయి. కొలంబస్ మిరియాలు వెతుక్కుంటూ వెళ్ళి మిరపని చూసి అదే పేరు పెట్టిన పుణ్యం. ఎగుమతి కాగితాల్లో ఈ గొడవ లేకుండా చేసేది అంకె, అంటే సరుకుని గుర్తుపట్టడానికి కస్టమ్స్ వాళ్ళు వాడే కోడ్. మిరియాలు, మిరప రెండూ 0904 కిందే వస్తాయి, కానీ ఎండు మిరపకాయ 0904 21, కారప్పొడి 0904 22. అంకె సరిగ్గా ఉంటే పేరులో స్పెల్లింగు తేడా ఉన్నా నౌక ఆగదు. రకం పేర్లని మాత్రం అనువదించకండి. ‘గుంటూరు సన్నం’ భౌగోళిక గుర్తింపు ఉన్న పేరు. దాన్ని ‘థిన్ చిల్లీ’ అని రాసిన మహానుభావుణ్ణి నేను కళ్ళారా చూశాను. నేను కాదు లెండి, ఆ సరికి నాకు తాలు దెబ్బ తగిలి ఉంది.

నిఘంటువులు పనికిరావని కాదు. బ్రౌన్ దొర నిఘంటువు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా చూసుకోవచ్చు, పాత మాటలకి బంగారం. ఒక వృత్తిలో ఒక మాటకి అసలు అర్థమేమిటో, జిల్లా జిల్లాకీ ఎలా మారుతుందో తెలియాలంటే భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు చూడండి. వ్యవసాయం మీది 1962లో వచ్చింది, చేనేత మీది 1971లో. నా తాలు గొడవలో నాకు కావలసింది అలాంటి పుస్తకం. లేదా యార్డులో కాయలు ఏరే ఒక పెద్దావిడ. నిజానికి ఆవిడే మేలు.

ఇక ఇంగ్లీషులో పేరే లేని వస్తువులు. వాటికి పేరు పుట్టించకండి. ఆవకాయని ఆవకాయ అనే రాయండి, కింద ఒక వరుసలో ‘మ్యాంగో పికిల్ విత్ మస్టర్డ్ అండ్ సెసమీ ఆయిల్’ అనండి. ఉత్తి ‘పికిల్’ అని వదిలేస్తే అమెరికావాడు ఉప్పునీళ్ళలో నానిన కీరదోస ముక్క అనుకుంటాడు. కందిపొడికి ‘రోస్టెడ్ పిజన్ పీ పౌడర్, టు మిక్స్ విత్ రైస్’ అని రాస్తే ఏమిటో, ఎలా తినాలో రెండూ తెలుస్తాయి. ఆ రెండో ముక్క మర్చిపోకండి. మా ఆఫీసుకొచ్చిన ఒక విదేశీయుడు కందిపొడిని నీళ్ళలో కలుపుకుని తాగాడు.

మీ కొరివి కారానికి కూడా ఇదే పద్ధతి. పేరు అలాగే ఉంచండి, కింద ‘రైప్ రెడ్ చిల్లీ అండ్ టామరిండ్ పికిల్’ అని వేయండి. ఫోన్‌కి కొరివి అంటే మండే కట్టె అని తెలిసిందే గానీ, ఆ పచ్చడి ఏమిటో తెలియలేదు. అయితే మీ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపిస్తే, ‘ఫైర్‌బ్రాండ్ అన్నాడా? మీ అక్కయ్య పెట్టేదైతే ఆ పేరే ఉంచమనండి’ అంది.