కార్యక్రమాల వేళలు నిర్ణయించబోతున్న అమ్మాయికి

చి. రవళికి,

బాబాయి ఆశీస్సులు. చానల్లో వారపు కార్యక్రమాల చార్ట్ వేసే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఎంత సంతోషం కలిగిందో అంత బెంగా కలిగింది. ఎఫ్‌పీసీ అని మనవాళ్లు పిలిచే ఆ ఒక్క కాగితం మీద ఇరవై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసినంతవరకు రాసి పంపుతున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. రాత్రి ఎనిమిదింటికి బాగా నిలదొక్కుకున్న ఒక సీరియల్‌ను, కొత్త డ్యాన్స్ షోకు చోటు చేయడం కోసం తొమ్మిదింటికి జరిపాను. కథ అదే, నటులూ వాళ్లే, పైగా రెండు వారాలపాటు గంటగంటకూ ప్రోమో వేశాం కనుక ప్రేక్షకులు వెంట వస్తారని నమ్మాను. రాలేదు. తరువాత గుంటూరు జిల్లాలో నాలుగైదు ఇళ్లకు వెళ్లి సాయంత్రాలు కూర్చుంటే కారణం తెలిసింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఏడున్నరకు కుక్కరు పెట్టి, ఎనిమిదికల్లా కూర దించి హాల్లోకి వచ్చేవారు, ఎనిమిదిన్నరకు కంచాలు పెట్టేవారు, తొమ్మిదికి మగవాళ్లు వార్తలు పెట్టుకునేవారు. మేం చార్టులో ఎనిమిది అని రాసుకున్నది ఆ ఇల్లాలికి కూర దించాక దొరికే అరగంట అన్నమాట. తప్పు తెలుసుకుని సీరియల్‌ను పాత వేళకు తెచ్చేసరికి చాలామంది పక్క చానల్ కథలో పడిపోయారు.

అందుకని చార్ట్ ముందు కూర్చునే ప్రతిసారీ, ఈ వేళకు ఏ కార్యక్రమం వేయాలి అని అడగడానికి ముందు, ఈ వేళకు ఇంట్లో ఎవరు ఏం చేస్తుంటారు అని అడుగు. నా రోజుల్లో దీనికి జవాబు తేలిక, ఎందుకంటే ఇళ్లన్నీ దాదాపు ఒకే గడియారం మీద నడిచేవి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైన తరువాత చాలాకాలం వాళ్లు వేసిందే మనం చూశాం. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక రిమోట్ ప్రేక్షకుడి చేతికి వెళ్లినా, వేళ మాత్రం మన చేతిలోనే మిగిలింది. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక అదీ జారిపోవడం మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగి, నెలల తరబడి పాత ఎపిసోడ్లే వేయాల్సి వచ్చినప్పుడు, కుదిరినప్పుడు చూసుకునే అలవాటు మరింత స్థిరపడింది.

పోయిన నెల తెనాలిలో మీ పెద్దత్త ఇంట్లో నాలుగు రోజులున్నాను. ఆమె కోడలు బ్యాంకులో పనిచేస్తుంది. చందా కట్టినవారికి రాత్రి రాబోయే ఎపిసోడ్ ఉదయమే ఓటీటీలో దొరుకుతుంది కాబట్టి, మధ్యాహ్నం అన్నం తింటూ, నచ్చని సీన్లు వేలితో జరుపుకుంటూ, ఫోనులో పదిహేను నిమిషాల్లో ముగిస్తుంది. ఇంటికి వచ్చి కథ చెప్పబోతే అత్త రెండు చెవులూ మూసుకుని, “చెప్పకే, రాత్రికి చూసుకుంటాను” అంటుంది. కేబుల్ రిమోట్ ఏదో గుర్తుండటానికి ఆమె దానికి తెల్లటి ప్లాస్టర్ ముక్క అంటించుకుంది. ఒకరోజు మనవడు అదే టీవీలో యూట్యూబ్ పెట్టుకుని కామెడీ స్కిట్లు చూస్తుండగా ఏడున్నర దాటింది. మళ్లీ కేబుల్ తెప్పించేసరికి మొదటి పది నిమిషాలు పోయాయి. ఇప్పుడు నీకు పోటీ పక్క చానల్ ఒక్కటే కాదని నాకు ఆ సాయంత్రం బాగా అర్థమైంది.

టీవీలో ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ నుంచి గురువారం వచ్చే అంకెలను ఈ ఇంటిని గుర్తుపెట్టుకుని చదువు. దేశమంతటా 50 వేలకు పైగా ఇళ్లలో టీవీకి అమర్చిన మీటర్ల నుంచి ఆ లెక్క వస్తుంది. కోడలు బ్యాంకులో చూసిన ఎపిసోడ్ అందులో ఉండదు. ఒక సీరియల్ రేటింగ్ తగ్గిందని తీసేసే ముందు, మీ డిజిటల్ విభాగం దగ్గర అదే సీరియల్ లెక్కలు తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టుకో. అక్కడ పెరిగి ఇక్కడ తగ్గితే కథకు జబ్బు లేదు, చూసే వేళ మారింది. రెండుచోట్లా తగ్గితే రచయితను పిలిపించు.

సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా మీ పెద్దత్త లాంటివారి కోసం కదలకుండా ఉంచు. నిమిషం తేడా లేకుండా మొదలుపెట్టు. ప్రేక్షకులు ఎదుటి చానల్ సీరియల్ మొదలు చూడకుండా ఆపడానికి మన ఎపిసోడ్‌ను అయిదు నిమిషాలు సాగదీయమని సేల్స్‌వాళ్లు అడిగితే ఒప్పుకోకు. ఇక బ్రేకుల సంగతి. గంటకు 10 నిమిషాల ప్రకటనలు, 2 నిమిషాల సొంత ప్రోమోలు అన్న నిబంధన ఎలాగూ ఉంది. మొదటి సీను కుదురుకోకముందే బ్రేక్ ఇస్తే చేయి ఫోను మీదికి పోతుంది, అక్కడి నుంచి తిరిగి రావడం కష్టం. ఆదివారం సినిమా మీద మాత్రం పాత ఆశలు పెట్టుకోకు. నెల, రెండు నెలలకే ఓటీటీలో చూసేసిన సినిమాను పండుగ పూట, చుట్టాలు ఇంట్లో ఉన్నప్పుడు వేస్తేనే కలిసి కూర్చుని చూస్తారు.

డాలస్‌లో ఉన్న మన పిల్లలకు మన రాత్రి ఎనిమిది అంటే వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, అంటే ఆఫీసు వేళ. వాళ్లను చార్టుతో పట్టుకోవాలని చూడకు, ఎపిసోడ్ వేళకు ఓటీటీలో ఎక్కించారో లేదో చూసుకుంటే చాలు.

తొమ్మిది గంటల స్లాటు మార్చాలని నువ్వు అనుకుంటున్నట్టు మీ అమ్మ చెప్పింది. ఏప్రిల్‌లో చేయకు. ఐపీఎల్ మ్యాచ్ ఏడున్నరకు మొదలై పదకొండు దాటేదాకా హాల్లో టీవీని పట్టుకుని ఉంటుంది, అప్పుడు వచ్చే అంకెలు నీ మార్పు గురించి ఏమీ చెప్పవు. ఫైనల్ అయిన మరుసటి సోమవారం మొదలుపెట్టి, ఆరు వారాలు ముట్టుకోకుండా ఉంచు. ఈలోగా కొత్త చార్ట్ ప్రతి ఒకటి నాకు పంపు, పెద్దత్త ఇంటికి తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ బాబాయి