రొట్టె కాల్చబోతే అట్టయింది!

ప్రశ్న: మేం వేలచ్చేరిలో ఉంటాం. నాలుగు నెలలుగా ఇంట్లో సోర్‌డో బ్రెడ్ (కొన్న ఈస్టు వెయ్యకుండా, పులిసిన పిండితోనే పొంగించే రొట్టె) చేస్తున్నాను, మైదా వద్దనుకుని అంతా మర పట్టించిన గోధుమపిండే. స్టార్టర్, అంటే పెరుక్కి తోడులా వేసే పులిసిన పిండి, బాగానే పొంగుతుంది. రెసిపీలో చెప్పినట్టే రాత్రి పదింటికి పిండి కలిపి పొద్దున్న ఆరింటిదాకా బయట ఉంచుతున్నాను. తీరా చూస్తే జారుగా, వేళ్లకి అంటుకుపోతూ ఉంటుంది, కాలిస్తే చదునుగా, పుల్లగా వస్తుంది. మా వారు దాన్ని అట్టు అంటున్నారు. పులవలేదేమో అని ఇంకో రెండు గంటలు ఉంచితే మరీ పాడైంది. పోనీ అని సగం రాగిపిండి కలిపితే ఇటుకే. తప్పెక్కడ?

జవాబు: మంచి అట్టు పొయ్యడం కూడా అంత తేలిక కాదని ముందు మీ వారికి చెప్పండి. మీ పిండి పులవక కాదండీ, హద్దు దాటి పులిసిపోయి అలా అవుతోంది. మే నెలలో దోసెల పిండి రుబ్బితే రాత్రంతా బయట వదిలేస్తారా? పడుకునే ముందు ఫ్రిజ్‌లోకి తోసేస్తారు, లేకపోతే తెల్లారేసరికి గిన్నె దాటి గట్టు మీదకొచ్చేస్తుంది. మరి ఆ తెలివి బ్రెడ్ దగ్గరికొచ్చేసరికి ఏమైంది? ఆ రెసిపీ రాసినవాళ్ల వంటిల్లు 20, 22 డిగ్రీల్లో ఉండుంటుంది, ఎండాకాలం చెన్నైలో మన వంటిల్లు రాత్రిపూట కూడా 30 దగ్గరే. పది డిగ్రీలు పెరిగితే పులిసే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి వాళ్ల ఎనిమిది గంటలు మనకి నాలుగే. పైగా పొట్టుతో ఉన్న పిండి మైదాకన్నా త్వరగా పులుస్తుంది, ఎంజైములూ ఖనిజాలూ ఎక్కువ ఉండేది పొట్టులోనే మరి. పులుపు మితిమీరితే గ్లూటెన్, అంటే గాలిని పట్టి ఉంచే ఆ సాగే జిగురు, తెగిపోతుంది. మీ వేళ్లకి అంటుకుంటున్నది ఆ తెగిన పిండే.

ఈసారి 400 గ్రాముల గోధుమపిండి జల్లించి, పైన మిగిలిన గరుకు పొట్టు మీద కాసిని మరిగే నీళ్లు పోసి నానబెట్టండి. ఆ పొట్టు ముక్కలే జిగురుని కోసేస్తుంటాయి, నానితే మెత్తబడతాయి. చల్లారాక దాన్నీ పిండిలో వేసి, స్టార్టర్ 40 గ్రాములు, ఉప్పు 8 గ్రాములు, పొట్టుకి పోసినవాటితో కలిపి మొత్తం 300 నుంచి 320 గ్రాముల నీళ్లు, మిగతావి ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటివే పొయ్యండి. మర పిండి నీళ్లు బాగా తాగుతుంది, చపాతీ పిండికన్నా మెత్తగా ఉంటే సరి. అరగంటకోసారి అంచులు లాగి మధ్యలోకి మడవండి, మూడుసార్లు చాలు. ఒక చిన్న ముద్ద తీసి నిటారుగా ఉన్న గాజు గ్లాసులో అదిమి, దాని ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండ్ చుట్టండి. నాలుగైదు గంటల్లో అది సగం మేర పెరుగుతుంది. అక్కడితో ఆపెయ్యాలి, రెట్టింపయ్యేదాకా చూడకండి, ఎందుకంటే ఫ్రిజ్‌లో పెట్టినా ముద్ద లోపలిదాకా చల్లబడేవరకూ పులుస్తూనే ఉంటుంది. టిన్నులో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అంటే సాయంత్రం ఐదింటికి కలిపితే పదింటికి లోపల పెట్టేసి హాయిగా పడుకోవచ్చు, టెన్షన్ లేదు. పొద్దున్న ఓటీజీ (కరెంటు ఓవెన్) 230 డిగ్రీలకి బాగా వేడెక్కాక, పైన ఫాయిల్‌తో గుడారంలా మూసి 20 నిమిషాలు, తీసేసి 200 దగ్గర మరో 25 నిమిషాలు.

ఇక రాగి. అందులో గ్లూటెన్ అసలు లేదు, సగం వేస్తే ఇటుక కాక ఏమవుతుంది? (నా మొదటి రాగి బ్రెడ్ కొయ్యడానికి కొబ్బరి బోండాల కత్తి కావాల్సొచ్చింది.) పదో వంతుతో మొదలుపెట్టండి. 360 గ్రాముల గోధుమపిండికి 40 గ్రాముల రాగిపిండి. దాన్నీ పచ్చిగా కాకుండా 120 గ్రాముల నీళ్లలో చిక్కటి జావలా ఉడికించి, పూర్తిగా చల్లార్చి కలపండి, ఆ నీళ్లు పై లెక్కలోంచి తగ్గించుకోండి. జావ తేమని పట్టి ఉంచుతుంది, రెండో రోజుకీ బ్రెడ్ మెత్తగా ఉంటుంది. కాలిన మూడు గంటలదాకా కత్తి పెట్టకండి, లోపల ఇంకా బంకగానే ఉంటుంది.

ప్రశ్న: స్టార్టర్ మూడో రోజు జాడీ దాటి పొంగింది, నాలుగో రోజు నుంచి ఉలుకూ పలుకూ లేదు. పారేసి మళ్లీ మొదలుపెట్టినా అదే వరస. (పెరంబూరు పాఠకుడు)

జవాబు: అయ్యో, పారెయ్యకండి! ఆ మొదటి పొంగు ఈస్టుది కాదు, పిండిలో ముందే ఉన్న వేరే బాక్టీరియాది. పులుపు పెరగ్గానే అవి చల్లబడతాయి, ఆ పులుపుని తట్టుకునే ఈస్టు మెల్లగా లేస్తుంది. రోజూ కొంచెం పాతది ఉంచుకుని, దాని బరువంత పిండీ, అన్ని నీళ్లూ కలుపుతూ వారం, పది రోజులు ఓపిక పట్టండి. పైన నల్లటి నీళ్లు తేరితే దానికి ఆకలేసిందని. గులాబీ, నారింజ చారలో బూజో కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా పారెయ్యాల్సిందే.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, గరిటెడు ఇడ్లీ పిండి కలిపితే పోదా?

జవాబు: కలపొచ్చు, పులుస్తుంది కూడా. కానీ ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా, బరువైన గోధుమ ముద్దని లేపడానికి ఈస్టు ఉంటేనే నయం. తిరగేసి చేస్తే బాగుంటుంది, మిగిలిపోయిన స్టార్టర్ రవ్వ దోసెల పిండిలో గరిటెడు వేసి చూడండి.