పిట్టులోంచి ఏం తీసేశాడు?

తమ్ముడూ,

కార్గిల్ మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. కాల్పుల పేజీలు ఆగకుండా చదివించాయి. కానీ నీ కథలోని శ్రీను కొండెక్కుతుంటే 'గుండె బరువెక్కింది' అని మూడు చోట్ల రాశావు, వాడి వీపు మీది పిట్టులో, అంటే సైనికుల వీపు సంచిలో, ఎంత బరువుందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. నాకు అక్కడే కథ చేజారిపోయింది.

ముందు ఆ బరువు సంగతి తెలుసుకో. ఇన్సాస్ రైఫిల్ ఒక్కటే నాలుగు కిలోల పైన. ఆపైన తూటాలు, గ్రెనేడ్లు, నీళ్లు, చలిబట్టలు. ద్రాస్ ఊరే 10,000 అడుగుల పైన ఉంటుంది, టైగర్ హిల్ 16,000 దాటుతుంది, అక్కడి పల్చని గాలికి ఉత్త చేతులతో నాలుగడుగులు వేసినా ఆయాసం వస్తుంది. శిఖరం మీద రాళ్లు పేర్చిన సంగర్లలో, అంటే అడ్డుగోడల చాటున, కూర్చున్న శత్రువులకి కింద కదిలేదంతా కనిపిస్తుంది కాబట్టి మనవాళ్లు ఎక్కువగా చీకట్లోనే ఎక్కారు, దగ్గొచ్చినా నోరు నొక్కుకుని.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హవల్దార్ గారున్నారు. ఎక్కే ముందు పిట్టు మొత్తం నేల మీద గుమ్మరించి, ఏది వదిలెయ్యాలా అని చూసుకునేవాళ్లట. ముందు తిండి పోతుంది, ఆ జాగాలో తూటాలు పడతాయి. ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసాని లంగర్‌లో (సైనికుల వంటశాలలో) ఇచ్చేసి, దానికి చుట్టిన పేపర్ ముక్కని మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నారు. అందులో ఉన్నది సగం వార్త, వడ్ల ధరల పట్టిక. ఆ కంపెనీలో తెలుగు చదవగలిగిన మనిషి ఆయనొక్కరే. నీ శ్రీను ఏం తీసేశాడు, ఏం తీయలేకపోయాడు? అది తేలితే 'గుండె బరువు' అనే మాట నీకు అవసరం పడదు.

మన హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో ఉండగా 1999 జూన్ 19న వాళ్ల నాన్నకి ఉత్తరం రాశారు. కడుపుతో ఉన్న భార్యకి రోజుకో మహాభారత కథ చెప్పమని అందులో అడిగారు. జూన్ 28న తోలోలింగ్ శిఖరం దగ్గర చనిపోయారు. పుట్టబోయే బిడ్డ మీద బెంగ ఎంతుందో ఆ 'రోజుకో కథ'లో మొత్తం ఉంది, బెంగ అన్న మాటే లేకుండా.

ఇంకొకటి. చివర్లో శ్రీను స్నేహితుడి శవం మీద పడి ఏడుస్తాడు చూడు, ఆ సీను తీసెయ్. హవల్దార్ గారు, మరో ముగ్గురు కలిసి చనిపోయిన తన బడ్డీని (జోడీ సైనికుణ్ని) రాత్రంతా కిందికి మోసుకొచ్చారు. మధ్యలో ఒకచోట కాలు జారినప్పుడు, "ఇంత బరువేంట్రా వీడు అని మనసులో విసుక్కున్నాను సార్" అన్నారు నాతో. ఆ ఒక్క విసుగు ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదట. చెప్పాక చాలాసేపు అరచేతులు చూసుకుంటూ ఉండిపోయారు.

హవల్దార్ గారి అనుమతి తీసుకునే నీకు ఇవన్నీ రాస్తున్నాను, కానీ నీ కథలో వాడుకోకు, అవి ఆయనవి. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యంలోకి వెళ్తున్న ఊరు. వెళ్లి నాలుగు రోజులుండు. మొదటి రోజే ఫోన్ తీసి రికార్డ్ చెయ్యకు, యుద్ధం గురించి అడగకు. పిట్టు ఎలా సర్దేవాళ్లు అని అడుగు.

ఉంటాను.