బిడ్డను నీ చేతికి ఇచ్చింది ఎవరు?

మీ ప్రశ్న ఇది: "ఈడిపస్ నాటకంలో అంతా అపోలో ముందే చెప్పినట్టు జరిగింది కదా, మరి ఈడిపస్ చేసిన తప్పేమిటి? బాధ్యత విధిదా, అతనిదా? పరీక్షకు చదువుతున్నాను, ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది."

విచారణను ఈడిపస్ దగ్గర మొదలుపెట్టడమే పొరపాటని నా నమ్మకం. అతను పుట్టి మూడు రోజులు నిండకముందు ఒక పని జరిగింది. ముందు దాని లెక్క తేలాలి. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రాసిన ఈ నాటకం నాకు మా ఇంటి గొడవలాంటిది. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

నేను మూల నక్షత్రం ఒకటో పాదంలో పుట్టాను. తండ్రికి గండం అంటారు. రెండో కాన్పు కాబట్టి అమ్మ పుట్టింటికి వెళ్ళలేదు, నాన్నగారి ఊళ్ళోనే పుట్టాను. ఒకే ఇంట్లో ఉండి కూడా ఇరవై ఏడు రోజులు నాన్నగారు నా ముఖం చూడలేదు. ఆయన పడక వసారాలోకి మారింది. మళ్ళీ మూల నక్షత్రం వచ్చిన రోజున శాంతి చేశారు. కంచు గిన్నెలో నువ్వుల నూనె పోసి ఆయన ముందు పెట్టారు. మేనత్త నన్ను ఎత్తుకుని వెనక నుంచి ఆయన భుజం మీదుగా వంచింది. ఆయన నూనెలో నా నీడ చూశారు. కన్నబిడ్డను మొదటిసారి చూడటం అలా.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఎందుకైనా మంచిది, అయిదేళ్ళు నిండేవరకు బిడ్డ తండ్రి ఇంట్లో పెరగకపోతే మేలన్నారు. మూడో నెలలో నన్ను అమ్మమ్మ గారింటికి పంపించేశారు.

ఆ "పంపించేశారు" అన్న మాటలో కర్త కనిపించడు చూడండి. ఇరవై ఏళ్ళు మా ఇంట్లో ఆ మాట అలాగే విన్నాను. నాన్నగారు పంపించారా, నాయనమ్మ పంపించిందా, పురోహితుడు పంపించాడా? ఎవరూ చెప్పలేదు, పంపించేశారు అంతే. "రాసి పెట్టి ఉంది" అనే మాట కూడా ఈ కోవలోదే. ఎవరు రాశారు, ఎవరు పెట్టారు? చిన్నప్పుడు బడిలో కర్త, కర్మ, క్రియ అని వరసగా నేర్పిస్తారు. ఇంటికి వచ్చేసరికి కర్తను తీసేసి కర్మను మాత్రం ఉంచుకుంటాం.

1994లో నేను ఎం.ఏ. ఇంగ్లిష్‌లో ఉన్నాను. మాకు గ్రీకు నాటకం చెప్పే మేడమ్ పాఠం వివరించేవారు కారు, పాత్రలు పంచి చదివించేవారు. నాకు ముసలి గొర్రెల కాపరి పాత్ర వచ్చింది. నాలుగు మాటలే కదా అనుకున్నాను.

నాటకం నడక మీకు తెలిసే ఉంటుంది. థీబ్స్ నగరంలో మహమ్మారి. పాత రాజు లాయస్‌ను చంపినవాణ్ణి వెళ్ళగొడితే గాని పోదని డెల్ఫీ గుడి నుంచి అపోలో దేవుడి మాట వస్తుంది. హంతకుణ్ణి పట్టుకుంటానని శపథం చేసిన ఇప్పటి రాజు ఈడిపస్ వెతుకుతూ వెతుకుతూ తన దగ్గరికే వచ్చి ఆగుతాడు. ఎప్పుడో దారిలో గొడవపడి తను చంపిన ముసలివాడే లాయస్, తన కన్నతండ్రి. తను పెళ్ళాడిన రాణి తన కన్నతల్లి. మధ్యలో రాణి జొకాస్టా, జోస్యాలను నమ్మకు అని భర్తకు ధైర్యం చెబుతూ తన మొదటి బిడ్డ కథ చెబుతుంది. కొడుకు చేతిలో చస్తావని లాయస్‌కు జోస్యం వచ్చింది. బిడ్డ పుట్టి మూడు రోజులు కాకముందే లాయస్ వాడి చీలమండలు బిగించి, వేరేవాళ్ళ చేతులతో మనిషి తిరగని కొండ మీద పారవేయించాడు. ఆమె చెప్పిన కథలో అన్ని పనులూ చేసింది లాయస్. ఆమె ఎక్కడా లేదు.

తరువాత, ఆ బిడ్డను పారవేయమని అప్పగిస్తే జాలిపడి వేరేవాళ్ళకు ఇచ్చేసిన ముసలి కాపరి వస్తాడు. చెప్పను అంటాడు. చేతులు వెనక్కి విరిచి పట్టుకోమని ఈడిపస్ ఆజ్ఞాపిస్తాడు. ఘోరమైన మాట చెప్పే చోటికి వచ్చాను అని కాపరి అంటే, నేను వినే చోటికి వచ్చాను, అయినా వినాలి అంటాడు ఈడిపస్. ఆ బిడ్డను నీకు ఇచ్చింది రాణేనా? అవును ప్రభూ. ఎందుకు? చంపేయమని. కన్నతల్లా! చెడు జోస్యాలకు భయపడి.

ఆ మాటలు నేనే పైకి చదివాను. తరువాతి మాట గొంతులోంచి రాలేదు. భర్త ముందు కథ చెప్పినప్పుడు జొకాస్టా తన చేతులను అందులోంచి తీసేసింది. ముసలి కాపరి వచ్చి ఆ చేతులను మళ్ళీ కథలో పెట్టాడు. చాలామంది ఈ రెండు చోట్లను కలిపి చదవరు. నాకైతే నాటకానికి ఆయువుపట్టు అక్కడే ఉంది.

ఆ వేసవి సెలవుల్లో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. పెరటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ముందు కత్తిపీట, పక్కన ఉప్పు గిన్నె, బొటనవేళ్ళు నల్లగా జిగటగా ఉన్నాయి. నేనూ ఒక కాయ తీసుకుని పక్కన కూర్చున్నాను.

"అమ్మమ్మా, నన్ను నీ దగ్గరికి ఎవరు పంపించారు?"

"మీ వాళ్ళే."

"మా వాళ్ళంటే ఎవరు?"

"పాత సంగతులు ఇప్పుడెందుకు తల్లీ."

"నీ చేతికి ఎవరు ఇచ్చారు? నాన్నగారా, నాయనమ్మా?"

అమ్మమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది. వేళ్ళకు అంటిన పీచు ఒక్కొక్కటే తీసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మీ అమ్మే ఇచ్చింది" అంది.

"నాయనమ్మ బలవంతం చేసిందా?"

"ఆవిడ లోపల పడుకుని ఉంది. అల్లుడు ఆ రోజు ఊళ్ళోనే లేడు. ఎవరూ రాలేదు. నేను తీసుకువెళ్ళను, బిడ్డ పాలు తాగుతోంది, నీ దగ్గరే ఉంచుకో అని రెండుసార్లు అన్నాను. మీ అమ్మ రవిక అంతా పాలతో తడిసిపోయింది. అయినా నా చేతుల్లో పెట్టింది. 'భయంగా ఉందమ్మా' అంది."

కాపరి మాట అది. పది వారాల ముందు నా నోటితో నేనే చదివిన మాట. ఆ రోజు అమ్మమ్మను మరేమీ అడగలేదు. చింతపండు పని మాత్రం చీకటి పడేవరకు చేశాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ నాటకంలో అపోలో ఎవరి చెయ్యీ పట్టుకుని ఏమీ చేయించడు. ఇలా జరుగుతుంది అన్నాడు, అంతే. బిడ్డ చీలమండలు గుచ్చమని డెల్ఫీలో ఎవరూ చెప్పలేదు. మూడు రోజుల పసికందు పారిపోతాడా, పాకుతాడా? ఆ కాళ్ళు వాచిపోవడం వల్లే అతని పేరు ఈడిపస్, ఉబ్బిన పాదాలవాడు. జోస్యం లాయస్‌ను భయపెట్టింది. భయపడి ఏమి చేయాలో నిర్ణయించుకున్నది లాయస్.

దేవకి ఎనిమిదో బిడ్డ నిన్ను చంపుతాడు అని ఆకాశవాణి చెప్పింది, కంసుడు పసిపిల్లలను చంపాడు. అతన్ని దుర్మార్గుడు అనడానికి మనకు క్షణం పట్టదు. పాపం, కంసుడి తలరాత అని ఎవరూ జాలిపడరు. అదే భయంతో అదే పనికి పూనుకున్న లాయస్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనరు. ప్రశ్నపత్రాల్లో ఈడిపస్ తప్పేమిటి అని అడుగుతారు, లాయస్ తప్పేమిటి అని అడగగా నేను చూడలేదు.

లాయస్‌కు తప్పించుకునే దారి లేదు కదా అంటారు కొందరు. నిజమే, సోఫోక్లీస్ దారి మూసేశాడు. అంతకుముందు క్రీ.పూ. 467లో ఈస్కిలస్ ప్రదర్శించిన నాటకంలో, పిల్లలను కనవద్దని అపోలో లాయస్‌ను మూడుసార్లు హెచ్చరించినట్టు ఉంటుంది. అక్కడ మాట వినలేదన్న నింద ఉంది. సోఫోక్లీస్ నాటకంలో ఆ హెచ్చరిక ఊసు లేదు. కొడుకు చేతిలో చావు అన్న మాట ఒక్కటే ఉంది. అయితే ఆ కొడుకును ఇంట్లో పెంచి ఉంటే వాడికి తండ్రి ముఖం తెలిసేది. మూడు దారులు కలిసే చోట రథంలో ఎదురొచ్చిన ముసలివాడు ఎవరో తెలిసేది. ఆ తెలియనితనమే రెండు ఘోరాలకూ మూలం, దాన్ని తయారుచేసింది కన్నవాళ్ళే. ఈ విషయంలో నాతో ఎవరూ వాదించలేరు. ఎందుకంటే అయిదేళ్ళు నిండాక ఇంటికి తీసుకువచ్చిన రోజు నేను నాన్నగారిని "మీరు ఎవరండీ?" అని అడిగాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారట.

ఇక ఈడిపస్. రహదారి మీద ముందు బలవంతంగా దారిలోంచి నెట్టింది రథం వాళ్ళే. కోపంతో ఈడిపస్ సారథిని కొట్టాడు, అప్పుడు రథంలోని ముసలివాడు రెండు మొనల ముల్లుకర్రతో అతని నడినెత్తిన కొట్టాడు. ఎదురుదెబ్బ కొట్టినవాడికి కోపం ఎక్కువ, కాదనను. తండ్రిని చంపుతావన్న జోస్యం విన్నవాడు తండ్రి వయసు మనిషి మీద చెయ్యి ఎత్తకూడదు కదా అని కొందరు తెలివిగా అంటారు. కథ అంతా తెలిశాక కూర్చుని చెప్పే తెలివి అది. ఇదే ఆరోపణకు ఈడిపస్ మరో నాటకంలో తనే జవాబు చెప్పుకుంటాడు. సోఫోక్లీస్ చివరి రోజుల్లో రాసి, ఆయన పోయాక క్రీ.పూ. 401లో ప్రదర్శించిన కొలోనస్ నాటకం అది. నిన్ను చంపడానికి ఎవరైనా మీదికి వస్తే, నువ్వు నా తండ్రివా అని ముందు అడుగుతావా అంటాడు. తెలియక చేశాను, నేను నిర్దోషిని అంటాడు. నేను ఆ మాట ఒప్పుకుంటాను.

అలాంటప్పుడు కళ్ళు ఎందుకు పొడుచుకున్నాడు? మీ పుస్తకాలు తికమకపడేది ఇక్కడే. తప్పు వేరు, బాధ్యత వేరు. చంపడం, పెళ్ళి చేసుకోవడం ముందే చెప్పినవి, తెరవెనుక ఎప్పుడో జరిగిపోయినవి. మన కళ్ళముందు వేదిక మీద జరిగే పనులు మాత్రం డెల్ఫీ జోస్యంలో లేనివి. నిజం తెలిసిన గుడ్డి జోస్యుడు టైరీసియస్ చెప్పనన్నాడు, వదిలేయవచ్చు. నీ ప్రాణం మీద ఆశ ఉంటే ఇక వెతకవద్దు అని జొకాస్టా బతిమాలింది, ఆగవచ్చు. కాపరి మొత్తుకున్నాడు, అక్కడైనా ఆగవచ్చు. మూడుచోట్లా ముందుకే వెళ్ళాడు. చివరకు రాణి బంగారు పిన్నులతో కళ్ళు పొడుచుకుని బయటకు వచ్చాక, నిన్ను ఎవరు పురికొల్పారు అని నాటకంలోని ఊరి పెద్దల బృందం అడిగితే ఏమన్నాడో చూడండి. ఈ బాధలన్నీ తెచ్చింది అపోలో, కాని పొడిచిన చెయ్యి మరెవరిదీ కాదు, నాదే. రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నాడు. విధిని కాదనలేదు, దాని వెనక దాక్కోనూ లేదు. అంత పెద్ద కథలో కర్తతో సహా వాక్యం పూర్తి చేసినవాడు అతనొక్కడే.

పరీక్షల గైడ్లలో దీన్నంతా అహంకారం అన్న ఒక్క మాటకు కుదిస్తారు. అరిస్టాటిల్ వాడిన 'హమార్టియా' అన్న పదాన్ని గుణదోషం అని తర్జుమా చేసుకుని, దానికి ఒక దోషం వెతికి అతికిస్తారు. ఆ పదానికి గురి తప్పడం, పొరబడటం అని అర్థం. తెలియక వేసిన అడుగుకు శీలంలో లోపం అంటగట్టడం నాకు మూల నక్షత్రం పిల్లను అరిష్టం అన్నట్టే వినిపిస్తుంది. నా పెళ్ళి సంబంధాలప్పుడు ఆ మాట మళ్ళీ విన్నాను. ఈసారి గండం కాబోయే మామగారికట. మూడు సంబంధాలు జాతకం చూడగానే వెనక్కి పోయాయి. పొద్దున్నే టీవీలో రాశిఫలాలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మాట విని ఏ ఇంట్లో ఏ పసిబిడ్డ ఎవరి చేతులు మారుతోందో వాళ్ళకు పట్టదు.

నాన్నగారు 2015లో పోయారు, 76వ ఏట, నిద్రలో. శాంతి చేయించబట్టే అన్నేళ్ళు బతికారని పదోరోజు భోజనాల దగ్గర ఒక పెద్దాయన అన్నారు. లేచి వచ్చేశాను.

మీ పరీక్షకు నా సలహా ఒక్కటే. జొకాస్టా చెప్పిన కథను, కాపరి చెప్పిన కథను పక్కపక్కన పెట్టి మొదలుపెట్టండి. ఎవరి చెయ్యి ఎక్కడ మాయమైందో, ఎక్కడ బయటపడిందో రాయండి. మార్కుల మాట చెప్పలేను.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. నేను ఎప్పుడూ ఆమెను నిలదీయలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో, చుట్టూ అంత భయం మధ్య, ఆమె పరిస్థితి నాకు తెలుసు. కిందటి సంక్రాంతికి మా అమ్మాయి పక్కన కూర్చుని నా చిన్నప్పటి ముచ్చట్లు అడుగుతోంది. నేను వంటింట్లో అరిసెల పాకం చూసుకుంటున్నాను. "మీ అమ్మను మూడో నెలలోనే మా అమ్మ దగ్గరికి పంపించేశా..." అని అమ్మ ఆగింది. నేను స్టవ్ ఆపేశాను. కాసేపటికి, "పంపించేశానే" అంది.

"నువ్వేనా? ఎందుకు అమ్మమ్మా?" అంది మా అమ్మాయి.