మానవ హక్కుల కోసం హాస్య, సంగీత ప్రదర్శనలు పెట్టడం వల్ల నిజంగా ప్రయోజనం ఉందా?

మనుషులు జైళ్లలో చిత్రహింసలు అనుభవిస్తుంటే, వారి పేరు మీద నవ్వుల కార్యక్రమాలు, పాట కచేరీలు పెట్టి డబ్బు పోగుచేయడం సబబేనా, దానివల్ల ఒరిగేదేమైనా ఉందా అని అడిగారు. ఇంగ్లండ్‌లో ఉన్న కాలంలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీకి మా ఊరిలో ఉన్న బృందంలో స్వచ్ఛందంగా పనిచేస్తూ అటువంటి సాయంత్రాలను నిర్వహించినవారిలో నేనూ ఉన్నాను. నా అనుభవంలో అది ముమ్మాటికీ సబబే. అయితే వసూలైన సొమ్ము కంటే, ఆ రాత్రి మాకు కొత్తగా దొరికిన మనుషుల వల్లే ఎక్కువ మేలు జరగడం చూశాను.

ఈ సంప్రదాయానికి మూలం లండన్‌లో ఉంది. 1961లో పుట్టిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కు నిధులు సమకూర్చడానికి హాస్యనటుడు జాన్ క్లీజ్ తన మిత్రులను కూడగట్టగా, 1976 ఏప్రిల్‌లో హర్ మెజెస్టీస్ థియేటర్‌లో మూడు రాత్రుల ప్రదర్శన జరిగింది. 1979 జూన్‌లో అదే వేదికపై జరిగిన ‘ది సీక్రెట్ పోలీస్‌మన్స్ బాల్’ పేరే తరువాత ఈ ప్రదర్శనల పరంపరకంతటికీ స్థిరపడింది.

మీ మొదటి సందేహానికి నాకు తెలిసిన అత్యుత్తమ సమాధానం ఆ 1979 ప్రదర్శనలోనే ఉంది. బ్రిటన్ లిబరల్ పార్టీ మాజీ నాయకుడు జెరెమీ థోర్ప్ హత్యకు కుట్ర పన్నాడన్న కేసులో, న్యాయమూర్తి జ్యూరీకి చేసిన తుది ప్రసంగం పక్షపాతంతో నిండి ఉందని ఆ రోజుల్లో చాలామంది ఆక్షేపించారు. థోర్ప్ నిర్దోషిగా విడుదలైన కొద్ది రోజులకే హాస్యనటుడు పీటర్ కుక్ వేదికెక్కి, ఆ న్యాయమూర్తి ధోరణిలోనే సాక్షులను ఒక్కొక్కరిగా తూలనాడుతూ, చివరికి నిర్ణయం పూర్తిగా మీదేనని జ్యూరీకి చెప్పే పాత్రను పోషించాడు. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వారు. కానీ ఆ నవ్వు బాధితుల మీద కాదు, అధికారం మీద. న్యాయం ఎలా వంగిపోతుందో పది వ్యాసాలు చదివినా అంత స్పష్టంగా తెలియదని నా నమ్మకం.

సంగీతం ప్రభావం మరో విధంగా సాగింది. ఆ 1979 ప్రదర్శనలో రాక్ సంగీతకారుడు పీట్ టౌన్‌షెండ్ కేవలం అకౌస్టిక్ గిటార్‌తో పాడగా, 1981 ప్రదర్శనకు స్టింగ్, ఎరిక్ క్లాప్టన్ వంటి రాక్ కళాకారులు వచ్చారు. తనలో విత్తనం నాటింది ఆ ‘సీక్రెట్ పోలీస్‌మన్స్ బాల్’ ప్రదర్శనేనని తరువాత ఐరిష్ రాక్ గాయకుడు బోనో చెప్పుకున్నాడు. 1986లో అమెరికాలో ఆమ్నెస్టీ కోసం జరిగిన ఆరు కచేరీలలో ఆయన బృందం యూటూ పాల్గొంది, సంస్థకు వేల సంఖ్యలో కొత్త సభ్యులు చేరారు. ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనకు నలభై ఏళ్లు నిండిన 1988లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ట్రేసీ చాప్‌మన్, యూసూ న్దూర్ తదితర గాయకులు ఆమ్నెస్టీ కోసం చేసిన ప్రపంచ కచేరీల యాత్ర సెప్టెంబరు 30న మన ఢిల్లీకి కూడా వచ్చింది.

మా ఊరి కార్యక్రమాలు చర్చి హాలులో జరిగే చిన్నవి. కళాకారులు పారితోషికం తీసుకోకపోయినా, హాలు అద్దె, మైకుల ఖర్చు పోగా మిగిలేది స్వల్పమే. అందుకే విరామ సమయంలో తేనీటి బల్ల పక్కనే మరో బల్ల వేసి, ఒక ఖైదీ గురించిన వివరాలు, ఆ ఖైదీ తరఫున రాయడానికి పోస్టుకార్డులు, పెన్నులు ఉంచేవాళ్లం. కేవలం నవ్వుకోవడానికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అక్కడ ఒక కార్డు రాసి, తరువాతి నెల మా సమావేశానికి వచ్చి, నేను ఆ ఊరు విడిచేవరకు క్రమం తప్పకుండా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఉపన్యాస సభ పెట్టి ఉంటే ఆమె గడప తొక్కేవారు కారు.

మీరు కూడా ఏదైనా తలపెట్టదలచుకుంటే, కళాకారులను వారికి వచ్చిన విద్యనే ప్రదర్శించనివ్వండి. సమస్య గురించి కార్యకర్త ఒకరు మూడు, నాలుగు నిమిషాలు మాట్లాడితే చాలు. డబ్బు విషయంలో మాత్రం మొదటినుంచీ కట్టుదిట్టంగా ఉండాలి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందంలో ఒకరైన జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం పెట్టిన కచేరీ ఎంతో సదుద్దేశంతో జరిగినా, పన్ను మినహాయింపు కోసం ముందే ఏర్పాట్లు చేసుకోనందువల్ల రికార్డుల ద్వారా వచ్చిన సొమ్ములో చాలా భాగం ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. కాబట్టి సొమ్ము ఏ సంస్థకు, ఏ ఖాతాకు చేరుతుందో టిక్కెట్ల అమ్మకానికి ముందే లిఖితపూర్వకంగా ఖరారు చేసుకొని, ప్రదర్శన ముగిసిన వారంలోపు జమాఖర్చులను టిక్కెట్టు కొన్నవారందరికీ పంపండి.