అవార్డుకి ఎంపికయ్యారు, ఏడు వేలు కట్టండి!

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరం. హిస్టరీ, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్. గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిస్తానంటే వద్దని, హిస్టారికల్ సోషియాలజీ చదువుతానంటోంది. అమెరికాలో దానికో సంఘం ఉందట, అవార్డులిస్తుందట. మొన్న ఇంకెవరో ‘ఉత్తమ యువ పరిశోధకురాలిగా ఎంపికయ్యావు, ఏడు వేలు కట్టు’ అని మెయిల్ పెట్టారు. ఇవన్నీ ఒకటేనా?
- ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ముందు ఆ ఏడు వేలు కట్టకండి. అమ్మాయి ఏ వ్యాసమూ పంపకుండానే ఎంపికైందంటే అక్కడే తెలిసిపోవాలి. పండిత సంఘాల్లో సభ్యత్వ రుసుం ఉంటుంది, విద్యార్థులకు తక్కువే. బహుమతికి మాత్రం ధర ఉండదు.

అమ్మాయి చెప్పిన సంఘం నిజమైనదే. అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్‌లో తులనాత్మక, చారిత్రక సమాజశాస్త్ర విభాగం అది. ఏటా సదస్సులో చర్చలు పెడతారు, న్యూస్‌లెటర్ తెస్తారు. అవార్డుల వరుస చూస్తే ఈ రంగంలో మెట్లు అర్థమవుతాయి. విద్యార్థి వ్యాసానికి రైన్‌హార్డ్ బెండిక్స్ పేరిట, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానికి థెడా స్కాచ్‌పోల్ పేరిట, అచ్చయిన వ్యాసానికి చార్ల్స్ టిల్లీ పేరిట, పుస్తకానికి బారింగ్టన్ మూర్ పేరిట. వీళ్లంతా ఈ రంగంలో పేరున్న పండితులే. జీవితకాల కృషికి ఇచ్చేది 14వ శతాబ్దపు అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ పేరు మీద. విద్యార్థి బహుమతి కూడా పీజీ, పీహెచ్‌డీ వాళ్లకే, కాబట్టి డిగ్రీలో ఉన్న మీ అమ్మాయికి ఇప్పుడే ఆ తొందర అక్కర్లేదు.

ఇంతకీ ఆ చదువేమిటంటారా? స్కాచ్‌పోల్ ఫ్రాన్స్, రష్యా, చైనా విప్లవాలను పక్కపక్కన పెట్టి చూశారు. మన దగ్గరికొస్తే, 1946 నుంచి నల్గొండ, వరంగల్ పల్లెలు దొరల మీద తిరగబడ్డాయి. అదే నిజాం ఏలిన మరాఠ్వాడాలో రైతులు ఆ స్థాయిలో ఎందుకు కదల్లేదు? దీనికి జవాబు వెతకడమే ఆ చదువు. సమాజశాస్త్రవేత్త ఎస్.సి.దూబే ఉస్మానియాలో ఉండగా శామీర్‌పేటను అధ్యయనం చేశారు, 1955లో అది పుస్తకమైంది. అంటే సిటీ బస్సెక్కి వెళ్లొచ్చేంత దూరంలోనే ఒక ఊరు ఈ శాస్త్రానికి పాఠమైంది!

అమ్మాయికి హైదరాబాద్‌లో ఉన్న అసలు లాభం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, అంటే పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే చోటు. అక్కడి కాగితాల్లో చాలా భాగం ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి. ఉర్దూ చదవగలిగితే ఈ రంగంలో కొద్దిమందిలో ఒకరవుతుంది. నన్నడిగితే కోచింగ్ ఫీజు కన్నా ఉర్దూ మాస్టారు ఫీజు మేలు. (గ్రూప్స్ వద్దని నేననను. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్ కూడా, ఆ తలుపు మూసుకుపోదు.)

ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ, ఉస్మానియా అయితే సీపీగెట్ రాయాలి. తర్వాత యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. రాకపోతే పీహెచ్‌డీ అయిదారేళ్లు చాలావరకు ఇంటి డబ్బు మీదే నడవాలి, ఆ తర్వాత కూడా పర్మనెంట్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈ మాట అమ్మాయికి మీరే చెప్పండి, నా పేరు పెట్టి చెప్పినా పర్లేదు.

సంఘంలో చేరాలనుకుంటే ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ చాలు. 1951లో సమాజశాస్త్రవేత్త ఘుర్యే పెట్టింది. ఎంఏలో చేరాక సభ్యత్వం తీసుకుని, ఒక సదస్సులో పదిహేను నిమిషాల పేపర్ చదివి, ప్రశ్నలకు తడబడి రమ్మనండి.