పాపకు తంగేడు అని పేరు పెడితే నవ్వుతారా?

ప్రశ్న: బతుకమ్మ మూడో రోజున కరీంనగర్‌లో మాకు పాప పుట్టింది. ఆస్పత్రి కిటికీలోంచి చూస్తే ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు తాంబాలంలో తంగేడు పూలు పేరుస్తున్నారు. పాపకు ఆ పేరే పెట్టాలనిపించింది. మా ఆయన కూడా బాగుందన్నాడు. అత్తమ్మకు ఫోన్‌లో చెబితే "గిదేం పేరు బిడ్డా, గట్టు మీది చెట్టు పేరు పిల్లకు పెడ్తరా? నలుగురు నవ్వరా?" అంది. వాళ్లమ్మ పేరు అనసూయ అని పెట్టాలని ఆమెకు ఆశ. స్వాతి నాలుగో పాదం, అక్షరం కూడా చూడాలంటోంది. హైదరాబాద్‌లో మా ఆఫీసు వాళ్లు "స్కూల్లో పిల్ల ఏడుస్తుంది" అంటున్నారు. మా ఆయన ఇప్పుడు ఏమీ అనట్లేదు. ఇరవై ఒకటో రోజు ఇంకో పది రోజుల్లో ఉంది. నాకు నిద్ర పట్టట్లేదు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అత్తమ్మ మాటలు ఉన్నాయి, ఆఫీసు వాళ్ల మాటలు ఉన్నాయి. మీ ఆయన గురించి మాత్రం "ఏమీ అనట్లేదు" అని ఒక్క ముక్కతో దాటేశారు. నేను ఆగింది అక్కడే. మిమ్మల్ని నిద్ర పోనివ్వనిది తంగేడు పేరు కాదనుకుంటాను. ఇద్దరూ కలిసి ముచ్చటపడ్డ పేరును ఇప్పుడు మీరొక్కరే మోయాల్సి రావడం.

(పసిపిల్ల తల్లికి నిద్ర లేకపోవడానికి వేరే కారణాలు చాలానే ఉంటాయి, అది సరే. కానీ దిగులు, ఊరికే ఏడుపు రావడం కాన్పయిన రెండు వారాలకు కూడా తగ్గకపోతే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. మొహమాటపడకండి.)

నలుగురి నవ్వు సంగతి ముందు తేల్చేద్దాం. వింత పేర్లు మనకు కొత్తేం కాదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈసారైనా దక్కాలని బిడ్డను పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని, విస్తరాకులో వేసి తీసుకుని పుల్లయ్య అని పిలుచుకున్న ఇళ్లు మనవే. విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారు ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. ఇంకో కొడుక్కి సమరం, అంటే యుద్ధం. తొమ్మిదో సంతానానికి ఏకంగా నౌ, అంటే హిందీలో తొమ్మిది! ఆ లవణం గారే స్టూవర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య భార్య హేమలత గారితో కలిసి ఏళ్ల తరబడి పనిచేశారు. డాక్టర్ సమరం గారిని పత్రికలు చదివే తెలుగువాళ్లలో ఎరగనివాళ్లు తక్కువ. మొదటిసారి విన్నప్పుడు ఎవరో నవ్వే ఉంటారు. నలభయ్యోసారి కూడా ఎవడు నవ్వుతాడు?

అయితే మీ అత్తమ్మ మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. గట్టు మీది చెట్టు అనడంలో ఆవిడ పైకి చెప్పని సంగతి ఇంకొకటి ఉండొచ్చు. ఒకప్పుడు తోళ్లు నానబెట్టి పదును చేసే తొట్లలో, అంటే లందల్లో, వేసింది తంగేడు బెరడే. ఆ తరం వాళ్లకు తంగేడంటే పూవు ఒక్కటే గుర్తురాదు, ఆ పని, ఆ పని చేసే వాళ్లను ఊరు చూసిన చూపు కూడా గుర్తొస్తాయి. నన్నడిగితే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. బతుకమ్మలో మొదట పేర్చే పూవు అదే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పమూ అదే. కానీ ఎవరైనా ఆ మాట ఎత్తితే తడబడకుండా జవాబు చెప్పే ధైర్యం మీ ఇద్దరికీ ఉందా అన్నది ముందే చూసుకోండి.

ఇక పాప వైపు నుంచి రెండు మాటలు. మీ ఆఫీసు వాళ్లది పూర్తిగా తప్పు కాదు. ఒకటి, తంగేడు "డు"తో ముగుస్తుంది. రాముడు, భీముడు విన్న చెవికి అది మగపేరులా తగులుతుంది. రెండోది, తంగేడు నుంచి గేదె దాకా మూడో తరగతి పిల్లలకు పెద్ద దూరం లేదు. ఏ పేరునైనా వాళ్లు వంకర తిప్పుతారు, నిజమే, కానీ ఇది చేతికందేంత దగ్గర్లో ఉంది. అందుకని ఒక పని చేయండి. పాపను ఒళ్లో పెట్టుకుని కాదు, ఇంటి గుమ్మంలో నిలబడి, వీధి చివర ఆడుకుంటున్న ఆరేళ్ల పిల్లను అన్నానికి పిలుస్తున్నట్టు గట్టిగా పిలిచి చూడండి. మీ ఇంటిపేరు ముందు పెట్టి, టీచరు హాజరు పిలిచినట్టు ఒకసారి. నోరు వెనకాడకపోతే పెట్టుకోండి. వెనకాడితే అది అత్తమ్మకు భయపడటం కాదు, మీ చెవి చెబుతున్న మాట.

అనసూయ సంగతి. ఆవిడ అడుగుతున్నది తన తల్లి పేరు. "అమ్మమ్మ ఎట్లా ఉండేది అత్తమ్మా?" అని ఎప్పుడైనా అడిగారా? అడిగి చూడండి, పేరు మార్చుకోవడానికి కాదు, వినడానికి. బియ్యం పళ్లెంలో చోటుకేం తక్కువ? నామకరణంలో నక్షత్రానికో పేరు, మాసానికో పేరు, పిలుచుకోవడానికో పేరు అని రెండు మూడు రాయడం మామూలే. ఉంగరంతో అనసూయ అని ఆవిడ చేతే రాయించండి. తన తల్లి పేరుతో మనవరాలిని తిట్టడానికి ఆవిడకే నోరు రాదు, చూస్తుండండి, వారం తిరిగేసరికి చిట్టి అనో బుజ్జి అనో తనే పిలుస్తుంది. అన్నట్టు, స్వాతి నాలుగో పాదానికి వచ్చే అక్షరం "తా". దీర్ఘం కాస్త తగ్గిందని ఏ అయ్యగారూ పంచాంగం మూసెయ్యరు. నక్షత్రం మీ పక్షానే ఉందని మీరు గమనించినట్టు లేదు!

కానీ ఇవన్నీ అత్తమ్మతో మాట్లాడాల్సింది మీరు కాదు. కోడలు చెబితే అది పంతం అవుతుంది, కొడుకు చెబితే ముచ్చట అవుతుంది. ఈ ఆదివారం మీ ఆయన పాపను చూడటానికి వస్తే "మీ అమ్మ ఒప్పుకుందా?" అని అడగకండి. "నీకు ఇంకా ఆ పేరు ఇష్టమేనా?" అని మాత్రం అడగండి. ఇష్టం లేదంటే కోపం తెచ్చుకోకుండా వినండి, వేరే పేరు వెతుక్కోవడానికి అదొక్కటే సరైన కారణం. ఇష్టమే అంటే, మీరు పక్కన లేనప్పుడు ఆయనే వాళ్లమ్మకు చెప్పాలి.

పది రోజులని కంగారు పడుతున్నారు గానీ, ఆ గడువు తొట్టెలకే, కాగితానికి కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, కానీ పేరు గడి అప్పుడు ఖాళీగా ఉన్నా పర్వాలేదు. 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి. ఒకసారి రాశాక మార్చడమే తలనొప్పి. కాబట్టి పేరు తేలేదాకా ఆ గడి ఖాళీగా వదిలేసి, తేలాక ఇంగ్లీషు స్పెల్లింగును ఇద్దరూ కాగితం మీద రాసి చూసుకుని, అదే స్పెల్లింగు ఆధార్‌లోనూ ఉండేలా జాగ్రత్తపడండి.